సముద్రం లేని చోట మూడు సముద్రాలు

మా టీమ్‌లో ఒకడు లంచ్ టైమ్‌లో రోజూ మాలగా ఫొటోలు చూపిస్తాడు. స్పెయిన్ దక్షిణ తీరంలో ఉంటుందది. ఆ తీరం పేరే కోస్టా డెల్ సోల్, అంటే ఎండ తీరం. ఏడాదిలో 300 రోజులు ఎండ కాస్తుందని చెప్పి మరీ టూరిస్టుల్ని పిలుస్తారట. వినగానే నవ్వొచ్చింది. మాది జనగామ. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి మా బస్టాండ్ బయట పది నిమిషాలు నిలబడండి, ఎండ ఫ్రీ!

వాడు మాత్రం సీరియస్. ఆన్‌లైన్‌లో పని చేసుకునేవాళ్లకు స్పెయిన్ 2023 నుంచి ప్రత్యేక వీసా ఇస్తోంది. "నువ్వు కూడా అప్లై చెయ్‌రా. పొద్దున కోడింగ్, సాయంత్రం బీచ్" అన్నాడు. వారం రోజులు నాకు అదే ధ్యాస. నాన్న పోయాక అమ్మ ఊళ్లో ఒక్కతే ఉంటోంది. ఫోన్‌లో చెప్తే కాదనలేదు. "గంత దూరం పోయి గూడ ఇంట్లనే కూసోని పనిజేస్తవా బిడ్డా?" అని మాత్రం అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. అందుకే అక్టోబర్ నెలంతా జనగామ నుంచే పని చేశా. శని, ఆదివారాలు తిరగడానికి.

మొదటి వారం మహబూబాబాద్ రైలెక్కా. కిటికీలోంచి ఒక స్టేషన్ బోర్డు కనిపించింది: కేసముద్రం. ఎన్నోసార్లు చూసిన పేరే. సముద్రం లేని నేల మీద ఈ పేరేంటి అని ఆ రోజే అనిపించింది. బయ్యారం వెళ్తే ఇంకో సముద్రం. కాకతి గణపతిదేవుడి సోదరి మైలాంబ అక్కడ తవ్వించిన చెరువు పేరు ధర్మకీర్తి సముద్రం. శాసనమే ఉంది. గూడూరు అడవిలో భీముని పాదం జలపాతం, వానలు అప్పుడే వెళ్లాయేమో, ఇంకా దూకుతూనే ఉంది.

తర్వాతి వారం భూపాలపల్లి జిల్లా. అక్కడికి రైలు లేదు, హనుమకొండలో బస్సెక్కాలి. గణపురంలో కోటగుళ్లు, పక్కనే గణపసముద్రం. యునెస్కో గుర్తింపు వచ్చాక రామప్పకు జనం వెళ్తున్నారు, దగ్గర్లోనే ఉన్న ఈ గుళ్ల దగ్గర ఆ రోజు మేం తప్ప ఎవరూ లేరు. అక్కణ్నుంచి కాళేశ్వరం. ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న గుడి. బయటికొస్తే ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు, అవతల మహారాష్ట్ర. ఇసుకలో కూర్చుంటే సాయంత్రం ఎప్పుడయిందో తెలియలేదు.

మావాళ్లు పెద్ద చెరువును సముద్రం అన్నారంటే గొప్పకు కాదనుకుంటా. వాన సరిగా పడని నేలలో నిలిచిన నీళ్లే వాళ్లకు సముద్రం. మా జనగామకు దేవాదుల నీళ్లు వచ్చినప్పుడు అమ్మ ముఖంలో వెలుగు చూశాక నాకు అది అర్థమైంది.

అయితే అన్నీ బాగున్నాయని అబద్ధం చెప్పను. మాతో వచ్చిన కొలీగ్ ఒక చోట టాయిలెట్ కోసం గంటసేపు వెతికింది. రాత్రి ఉండటానికి మంచి గది దొరకలేదు. స్పెయిన్ తీరం టూరిస్టు మీదే బతుకుతుంది, కాబట్టి అతన్ని నాలుగు రోజులు ఉంచుకోవడం దానికి తెలుసు. మన దగ్గర సెల్ఫీ తీసుకొని చీకటి పడకముందే వెళ్లిపోతాం. చూసే చోట్లున్నాయి, ఉండే చోట్లే లేవు. అవి ఉంటే మా జూనియర్లలో కొందరికైనా ఊళ్లోనే పని దొరికేది.

స్పెయిన్ నేను రద్దు చేసుకోలేదు, వాయిదా వేశా. మాలగా ఎప్పుడో ఒకసారి తప్పకుండా చూస్తా. ప్రస్తుతానికి నెలకు రెండు వారాలు జనగామ నుంచే లాగిన్. సాయంత్రం ఆరుకి ల్యాప్‌టాప్ మూస్తే బీచ్ లేదు, అమ్మ పెట్టిన చాయ్ ఉంది.

మీ ఊరి దగ్గర కూడా 'సముద్రం' అని పేరున్న చెరువు ఉందేమో, ఈ ఆదివారం ఒకసారి వెళ్లి చూడండి. నీళ్ల బాటిల్ మర్చిపోకండి.