ఎలుగును ఊరికి పిలుస్తున్నది మన చెత్తకుప్పే

ఇప్పపువ్వు రాలే రోజులు వచ్చాయి. తెల్లారకముందే బుట్టలు పట్టుకొని ఆడవాళ్లు అడవి బాట పడతారు. రాత్రంతా రాలిన పువ్వు ఎండకు వాడకముందే ఏరుకోవాలి. అదే పువ్వు కోసం అదే మసక చీకట్లో ఎలుగుబంటి కూడా వస్తుంది. ఆ తర్వాత తునికాకు కోత, తునికిపండ్లు, మొర్రిపండ్లు. చర్ల, దుమ్ముగూడెం నుంచి గుండాల, ములకలపల్లి, దమ్మపేట దాకా అడవి అంచున బతికే మనకు ఇది కొత్త సంగతి కాదు. గుంపుగా పోవడం, మాట్లాడుకుంటూ పోవడం, చేతిలో కర్ర పెట్టుకోవడం మన పెద్దలు నేర్పిన జాగ్రత్తలే.

అయితే మనిషీ ఎలుగూ ఎదురుపడే చోటు ఇప్పుడు ఇప్పచెట్టు కింద ఒక్కటే కాదు. ఊరి చివర చెత్తకుప్ప రెండోది. ఇప్పచెట్టును అడవి ఇచ్చింది. చెత్తకుప్పను మనం పెట్టాం. ఈ నెల ఆ మాటే మాట్లాడుకోవాలనుకుంటున్నాం. ఎందుకంటే ఇందులో సర్కారు తప్పు ఎంత ఉందో మన తప్పూ అంత ఉంది.

ఇదివరకు మన ఇళ్లలో చెత్త అనేదే తక్కువ. మిగిలిన అన్నం, గంజి, కూరగాయ తొక్కలు కుడితి తొట్టిలోకి పోయేవి. పేడ, చెత్త పెంటదిబ్బకు, ఆ పెంట చేనుకు పోయేది. ట్రాక్టరు వచ్చింది, ఎడ్లు పోయాయి. గేదెలు తగ్గాయి, కుడితి తొట్టి బోర్లా పడింది. ఇప్పుడు మిగిలిన అన్నం ప్లాస్టిక్ కవరులో ముడివేసి రోడ్డు పక్కన పడేస్తున్నాం. పెళ్లిళ్ల విస్తరాకులు, కోళ్ల దుకాణాల వ్యర్థాలు, కుళ్లిన మామిడి, పనస తొక్కలు అన్నీ అడవి వైపే పోతున్నాయి. అటువైపు అడిగేవాడు లేడు కాబట్టి. శ్రీరామనవమికి, ముక్కోటికి భద్రాచలం వచ్చిపోయే వాహనాలు అడవి రోడ్డు పక్కన ఆగి వదిలిపోయే అన్నం పొట్లాలు దీనికి అదనం.

ఎలుగు సంగతి తెలిస్తే ఇది ఎంత ప్రమాదమో అర్థమవుతుంది. దాని అసలు తిండి చెదలు, చీమలు, తేనె, అడవి పండ్లు. పొడుగాటి గోళ్లతో పుట్టను తవ్వి చెదలను పీల్చుకుంటుంది. కంటిచూపు అంతంతమాత్రమే గానీ వాసన పసిగట్టడంలో దానికి సాటి తక్కువ. పుట్ట తవ్వడం గంటల పని. చెత్తకుప్పలో కడుపు నిండడం నిమిషాల పని. ఒకసారి రుచి మరిగితే మళ్లీ వస్తుంది. పిల్లలు రెండేళ్లకు పైగా తల్లి వెంటే తిరుగుతాయి కాబట్టి తల్లి చూపిన దారే నేర్చుకుంటాయి. అంటే ఈరోజు మనం పడేసిన కవరు ఒక్క ఎలుగును కాదు, దాని సంతానాన్ని కూడా ఊరికి అలవాటు చేస్తుంది.

ఎలుగు మనిషిని వేటాడి తినే జంతువు కాదు. హఠాత్తుగా ఎదురుపడినప్పుడు, పిల్లలు వెంట ఉన్నప్పుడు భయంతో మీద పడుతుంది. పడిందంటే తల, ముఖం చీరేస్తుంది. రాత్రి బహిర్భూమికి పోయే ముసలమ్మ, తెల్లవారుజామున మోటారు వేయడానికి పోయే రైతు, చెత్త పోయడానికి పోయే పంచాయతీ కార్మికుడు ముందుగా దాని కంట పడతారు. చెత్తకు వచ్చేది ఎలుగు ఒక్కటే కాదు. కోతులు, అడవి పందులు వస్తాయి, అక్కడినుంచి పక్కనున్న మొక్కజొన్నలోకి దిగుతాయి. కుప్ప చుట్టూ కుక్కలు పెరిగితే వాటి కోసం చిరుత కూడా రావచ్చు.

ఊళ్లోకి వచ్చిన ఎలుగు ఏం చేయగలదో ఉద్దానం చూసింది. 2022 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒక రైతు ఎలుగు దాడిలో ప్రాణం కోల్పోయాడు. మరుసటి రోజు ఇంకొందరు గాయపడ్డారు. పట్టుకున్న ఎలుగు కూడా బతకలేదు. అక్కడ జీడి, పనస తోటల్లో ఎలుగులు తిరగడం మామూలే. మన అశ్వారావుపేట ప్రాంతంలోనూ జీడిమామిడి, మామిడి తోటలు అడవిని ఆనుకొనే ఉన్నాయని మరచిపోవద్దు. రాజస్థాన్‌లోని మౌంట్ అబూలో హోటళ్ల ఎంగిలి కోసం ఎలుగులు వీధుల్లోకే వస్తున్నాయి. అమెరికాలో డురాంగో అనే ఊరిలో ఎలుగులు తెరవలేని మూతల డబ్బాలు ఇంటింటికీ ఇచ్చి పరిశీలించారు. డబ్బాలు ఇచ్చిన వాడల్లో చెత్త కోసం ఎలుగులు రావడం మిగతా వాడల కంటే 60 శాతం తక్కువైంది. డబ్బా ఇస్తే సరిపోలేదు, జనం మూత సరిగా వేసిన చోటే ఫలితం బాగా కనిపించింది.

ఇక్కడ మన వాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. కొందరు కరెంటు తీగలు, నాటుబాంబులు పెడుతున్నారు. ఆ తీగకు పందులే కాదు, పక్క చేను రైతు, పశువుల కాపరి కూడా బలైపోతున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఎలుగు మొదటి షెడ్యూల్‌లోని జంతువు. చంపితే జైలు తప్పదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆత్మరక్షణ వేరు, ఉచ్చు పన్నడం వేరు. తీగ పెట్టినవాడు మన సంఘం సభ్యుడైనా మనం వెనకేసుకు రాకూడదు.

అలాగని ఎలుగు పేరు చెప్పి గూడేలను ఖాళీ చేయించాలనే మాటను మేం ఒప్పుకోం. 2006 అటవీ హక్కుల చట్టం పోడు భూమిపైనా, ఇప్పపువ్వు, తునికాకుపైనా మనకు హక్కు ఇచ్చింది. అడవిలో మనం ఉండడం సమస్య కాదు. మన ఎంగిలి అడవిలో ఉండడం సమస్య.

మన చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి. ఎంగిలి అన్నం, తొక్కలు కవరులో కట్టకుండా పశువులు ఉన్న ఇంటికి ఇవ్వాలి. లేకపోతే దొడ్లో గుంత తీసి వేసి ప్రతిసారీ మట్టి కప్పాలి. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయాలి. చెత్తను రాత్రి బయట పెట్టొద్దు, ట్రాక్టరు వచ్చే వేళకే పెట్టాలి. కోళ్ల దుకాణం వ్యర్థాలను నడుములోతు గుంతలో సున్నం చల్లి పూడ్చాలి. పెళ్లి చేసే ఇల్లు వంటవాళ్లతో పాటు ఎంగిలి పూడ్చే మనిషిని కూడా మాట్లాడుకోవాలి. ఇంటికి ఆనుకొని ఉన్న పుట్టలు, పొదలు తీసేయాలి, చెట్ల కింద కుళ్లిన పండ్లు ఏరేయాలి.

ఇక సర్కారు చేయాల్సింది. పంచాయతీలకు ట్రాక్టర్లు, డంపింగ్ యార్డులు ఇచ్చారు. కానీ ఊరికి ఆఖరున, అడవిని ఆనుకొని ఖాళీ స్థలం కనపడిన చోటే యార్డు కట్టిన ఊళ్లు ఉన్నాయి. డీజిల్‌కు, కార్మికుల జీతాలకు డబ్బు లేకపోతే ట్రాక్టరు కదలదు. అందుకే మేం కోరుతున్నాం. అడవి అంచు పంచాయతీల్లో యార్డులకు గట్టి కంచె, మూత ఉన్న తొట్లు ఏర్పాటు చేయాలి. చెత్త పనికి విడిగా నిధులు, కార్మికులకు నెలనెలా జీతం ఇవ్వాలి. వీధి దీపాలు, ఇంటింటికీ మరుగుదొడ్డి, దానికి నీళ్లు ఉండాలి. జాతర రోజుల్లో రోడ్డు పక్క చెత్త అదే రోజు ఎత్తాలి. దాడి జరిగితే పరిహారం కోసం బాధితుడు ఆఫీసుల చుట్టూ తిరగకూడదు. కేంద్ర అటవీ శాఖ 2023 డిసెంబరులో మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షల రూపాయలు, తీవ్ర గాయానికి 2 లక్షల రూపాయలుగా పరిహారం పెంచింది. ఆ మొత్తం గూడెంలోని చివరి ఇంటికి కూడా చేరాలి.

ఈ నెల గ్రామ శాఖల సమావేశాల్లో ఎరువులు, మద్దతు ధరతో పాటు చెత్త సంగతి కూడా ఎజెండాలో పెట్టండి. సమావేశం అయ్యాక అందరూ కలిసి ఊరి చివరి కుప్ప దాకా నడవండి. అక్కడ ఏముందో కళ్లారా చూస్తే ఎవరు ఏం చేయాలో పెద్దగా చర్చించాల్సిన పని ఉండదు. పువ్వు ఏరడానికి పోయిన అక్కచెల్లెళ్లు క్షేమంగా ఇంటికి రావాలంటే, ఎలుగు తన పుట్ట దగ్గరే ఉండాలి. అది అక్కడ ఉండాలంటే ముందు మన ఇంటి గుంత మీద మట్టి పడాలి.