వకీలు అలక్ష్యం.. ఖైదీకి శాపం

క్రిమినల్ అప్పీలులో న్యాయవాది సరిగా వాదించలేదన్న కారణంతో, తీర్పు వెలువడ్డాక అదే హైకోర్టులో విచారణను తిరిగి తెరిపించడం దాదాపు అసాధ్యం. సంతకమైన తీర్పులో రాత, లెక్కల పొరపాట్లు మాత్రమే దిద్దవచ్చని సీఆర్‌పీసీ 362వ సెక్షన్ నిర్దేశించింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ 403వ సెక్షన్‌గా ఆ నిబంధన కొనసాగుతోంది. తీర్పుకు అంతమంటూ ఉండాలన్నదే దీని ఉద్దేశం.

అప్పీలుదారు గానీ, న్యాయవాది గానీ రాలేదని అప్పీలును కొట్టివేయరాదని 1996లో బనీసింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయితే రికార్డులు పరిశీలించి తీర్పు ఇవ్వవచ్చని పేర్కొంది. అప్పీలుదారు జైలులో ఉంటే వాయిదా వేయడం మంచిదని సూచించిందే తప్ప తప్పనిసరి చేయలేదు. దీంతో తన పక్షాన ఒక్క మాటయినా వినిపించకుండానే ఖైదీకి శిక్ష ఖరారయ్యే ప్రమాదముంది. బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేస్తే న్యాయవాదిపై చర్య ఉండవచ్చు గానీ శిక్ష మారదు. ఇక మిగిలేది సుప్రీంకోర్టే.

అందువల్ల జాగ్రత్త తీర్పుకు ముందే అవసరం. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదిని పొందవచ్చు. అప్పీలు ఏ దశలో ఉందో కుటుంబీకులు ఎప్పటికప్పుడు తెలుసుకోవడమే ఖైదీకి అసలైన రక్ష.