పొరుగువాడి సరుకు ముద్దు.. మనిషి వద్దా?

2004 మే 1న పది దేశాలు ఒకేసారి చేరడంతో యూరోపియన్ యూనియన్ సరిహద్దు ఉక్రెయిన్, బెలారస్‌ల దాకా వెళ్లింది. ఆ ఏడాదే కొత్త పొరుగువాళ్ల కోసం ‘పొరుగు విధానం’ తెచ్చారు. తూర్పున ఆరు, దక్షిణాన మొరాకో నుంచి సిరియా వరకు పది.. మొత్తం 16 దేశాలు. సంస్కరణలు చేస్తే నిధులిస్తాం, మార్కెట్ తెరుస్తాం అన్నారు. సభ్యత్వానికి మాత్రం హామీ లేదు. ఉక్రెయిన్‌కు అభ్యర్థి హోదా దక్కింది 2022 జూన్‌లో, అదీ రష్యా దండెత్తాకే!

దక్షిణాది సంగతి వేరు. 2023 జూలైలో ట్యునీషియాతో కుదిరిన ఒప్పందంలో వ్యాపారం, ఇంధనంతో పాటు వలసల కట్టడి కూడా ఉంది. మధ్యధరా సముద్రంలో మాత్రం ఆ ఏడాది కూడా వేలమంది చనిపోయారు, గల్లంతయ్యారు. సరుకుకు తలుపు తీసి, మనిషికి మూసేస్తే అది పొరుగు స్నేహం ఎలా అవుతుంది?