21 సెకన్లలో తేలిపోతుందా?

ర్యాన్ బేడర్ ఓడిపోయింది మా రియాద్‌లోనే, 2024 ఫిబ్రవరి 24న. రెనాన్ ఫెరేరా దెబ్బకి 21 సెకన్లలో ఆట ముగిసింది. "ఇంతేనా వీడి ప్రతాపం?" అని ఇక్కడ బతాలో టీ తాగుతూ నవ్వుకున్నారు. నాకది నచ్చలేదండీ.

అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో కుస్తీ పట్టి, రెండుసార్లు ఆల్ అమెరికన్ అనిపించుకుని, మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లోకి వచ్చినవాడు. 2019లో ఫ్యోదోర్ ఎమెల్యానెంకోని 35 సెకన్లలో పడగొట్టి బెల్లాటర్ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. ఆ 35 సెకన్ల వెనకా, ఈ 21 సెకన్ల వెనకా ఉన్నది ఏళ్ళ తరబడి చేసిన ఒకే చాకిరీ.

బతాలో మనవాళ్ళు పదిహేనేళ్ళు కష్టపడి ఊరికెళ్తే, "ఏం మిగిల్చావ్?" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ మాటకి మనకి మనసు చివుక్కుమంటుంది కదా? మరి బేడర్‌ని మనం అదే కొలతతో కొలవడం ఏం న్యాయం?