వెనక సీటు సంగతి

మన ఇళ్ళల్లో కారు కొన్నామని చెబితే ముందు ధర అడగరు. "ఎంతమంది పడతారు?" అని అడుగుతారు. ఏడుగురు పడితే కొన్నవాడు బుద్ధిమంతుడు. అయిదుగురైతే ఫరవాలేదు. ఇద్దరే పడితే మాత్రం వాడికి ఇంటి ధ్యాస లేదని తీర్పు వచ్చేస్తుంది. విచారణ కూడా ఉండదు.

ఈ తీర్పు ఈమధ్యే మా అబ్బాయి మీద వచ్చింది. వాడు టెక్సాస్‌లో, డాలస్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. చేరిన మూడో ఏడు, చదువు కోసం తీసుకున్న అప్పు మొత్తం కట్టేశాక, టొయోటా జీఆర్86 అనే రెండు తలుపుల స్పోర్ట్స్ కారు కొన్నాడు. "అప్పు కట్టేశాక" అన్నది కాస్త గుర్తుపెట్టుకోండి, నా వాదన సగం దానిమీదే నిలబడింది.

మాతో మాత్రం "టొయోటా తీసుకున్నానమ్మా" అన్నాడంతే. అబద్ధం కాదు. కానీ బొల్లారంలో కూర్చున్నవాళ్ళకి టొయోటా అంటే ఇన్నోవానే కదా కళ్ళముందు కనపడేది! మా వారు ఆ సాయంత్రమే వాళ్ళ చెల్లెలికి ఫోన్ చేసి, అమెరికా వెళ్తే అందరం ఒకే బండిలో తిరగొచ్చని చెప్పేశారు కూడా. నాలుగు నెలల తర్వాత వాడి స్నేహితుడెవరో పెట్టిన ఫొటోలో ఎర్రగా, నేలకి అతుక్కుపోయినట్టున్న బండి, దాని పక్కన నవ్వుతూ మావాడు.

ఇక మొదలు. "వదినా, ఆ డబ్బుతో శామీర్‌పేట దగ్గర ప్లాటుకి అడ్వాన్సు ఇవ్వొచ్చుగా" అని మా ఆడపడుచు. "తిరిగొచ్చేటప్పుడు ఇండియాకి తెచ్చుకుంటాడా?" అని మా పెద్దబావగారు. తేలేడు. బయటి దేశం నుంచి తెచ్చే పాత కారుకి స్టీరింగ్ కుడిపక్క ఉండాలి, బండి మూడేళ్ళకి మించి పాతది కాకూడదు, మన నిబంధనలు అవి. అమెరికా బండికి స్టీరింగ్ ఎడమపక్క. అక్కడే కొని, అక్కడే నడిపి, అక్కడే అమ్ముకోవాల్సిన వస్తువు అది. ఒకవేళ తెచ్చినా ఏం లాభం? దాని అడుగుకీ నేలకీ మధ్య సందు 13 సెంటీమీటర్లు. మా బొల్లారం బజార్ స్పీడ్ బ్రేకర్ల దగ్గర దాన్ని నలుగురు పట్టుకుని ఎత్తి అవతల పెట్టాలి.

మనవాళ్ళకి కోపం ఎందుకొచ్చిందో నాకు తెలుసు. హైదరాబాదులో రెండు తలుపుల స్పోర్ట్స్ కారు అంటే మన కళ్ళముందుకొచ్చేది జూబ్లీహిల్స్, అర్ధరాత్రి, పేపర్లో వార్త. ఇక్కడ దాని ధర అలాంటిది మరి. ఇదే తరహాలో, వెనక చక్రాలకి శక్తినిచ్చే చిన్న కూపే బీఎండబ్ల్యూ ఎం2, 2023లో మన దేశంలోకి కొత్త మోడల్ వచ్చినప్పుడు షోరూం ధర 98 లక్షలు. తెలంగాణలో 2022లో పెంచిన రేట్ల ప్రకారం అప్పట్లో 20 లక్షలు దాటిన కారుకి లైఫ్ టాక్స్ 18 శాతం ఉండేది. వేసి చూడండి, టాక్సే 17 లక్షలు దాటింది. ఆ టాక్స్ డబ్బుతో మనలాంటి ఇంట్లో ఒక మంచి కారు వస్తుంది! కాబట్టి ఇక్కడ అలాంటి బండి నడిపేవాడు వేరే లోకంవాడు. మా అబ్బాయి కొన్నది ఆ లోకంది కాదు. జీఆర్86 ఇక్కడ అమ్మరు. అక్కడ కొత్తదే సుమారు 30 వేల డాలర్లు, వాడు కొన్నది ఒక చేయి మారింది. అక్కడ మన తెలుగు కుటుంబాలు బుద్ధిగా కొనుక్కునే క్యామ్రీకి కూడా దాదాపు అంతే అవుతుంది. క్యామ్రీ కొని ఉంటే ఎవ్వరూ నోరెత్తేవాళ్ళు కాదు. అంటే వాళ్ళ బాధ డబ్బు గురించి కాదు, తలుపుల గురించి.

నేను అడిగినవి వేరు. "బండిని వెనక చక్రాలు తోస్తే ఏమవుతుంది రా?" అని అడిగాను. గంటసేపు చెప్పాడు, పాపం ఎవరూ అడగలేదేమో ఇన్నాళ్ళూ. నాకర్థమైనంతలో చెబుతాను. మన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని అన్నీ వెనక చక్రాల బళ్ళే. 1983లో మారుతి 800 వచ్చాకే మనకి ముందు చక్రాలే లాగే కార్లు అలవాటయ్యాయి. అందులో ముందు చక్రాలకి రెండు పనులు, లాగడమూ తిరగడమూ. చంటిపిల్లని ఎత్తుకుని దోశలు పోసినట్టు. వెనక చక్రాలు తోసే బండిలో ముందు చక్రాలకి తిరగడమొక్కటే పని, అందుకని స్టీరింగ్ చేతిలో తేలిగ్గా, చెప్పినమాట వింటున్నట్టు ఉంటుందట. దీనికి ఇంకో పక్క కూడా ఉంది. మీ వీధిలో కూరగాయల తోపుడు బండిని చూడండి, మలుపు దగ్గర వెనకనుంచి గట్టిగా తోస్తే వెనక భాగం పక్కకి జారుతుంది. వాన పడ్డ రోడ్డుమీద మలుపులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఈ కారూ అంతే. ఇప్పుడు బండిలోనే దాన్ని ఆపే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఉంటుంది. ఆ మీట ఎక్కడుందో చూపించమని, దాన్ని ఎప్పుడూ ఆపనని మాట తీసుకున్నాను. టైర్లు కూడా అడిగాను. పై రకం మోడల్‌కి వేసవి టైర్లు ఇస్తారట, చలిలో అవి గట్టిపడి పట్టు తగ్గుతుంది. టెక్సాస్‌లో మంచేమిటి అంటారేమో, 2021 ఫిబ్రవరిలో ఆ రాష్ట్రమంతా మంచులో గడ్డకట్టి కరెంటు కూడా లేక అల్లాడింది. టైర్లు మార్పించేదాకా వారం వారం అడిగాను. ప్లాటు గురించి మాట్లాడిన బంధువుల్లో టైర్ల గురించి అడిగినవాళ్ళు ఒక్కరంటే ఒక్కరు లేరు.

ఇంకో మాట. అక్కడ ఎక్కువమందికి గేరు బండి రాదు, వాళ్ళవన్నీ ఆటోమేటిక్‌లే. మావాడు గేరున్నదే ఏరికోరి కొన్నాడు. క్లచ్ వాడికి వాళ్ళ నాన్న పాత మారుతిలో, కంటోన్మెంటు రోడ్లమీద ఆదివారం పొద్దున్నే నేర్పించారు. ఈ సంగతి గుర్తుచేశాక మా వారి కోపం సగం దిగింది.

ఆ పేరులో 86 ఏమిటంటే, 1983 నుంచి 1987 దాకా టొయోటా వాళ్ళే చేసిన ఒక చిన్న కరోలా కూపే నుంచి వచ్చిందట. ఇనిషియల్ డీ అనే జపాను బొమ్మల కథలో ఒక కుర్రాడు అదే కారులో కొండదారిన టోఫు వేసి వస్తాడు. టోఫు చితకకుండా నడపడానికి వాళ్ళ నాన్న కారులో గ్లాసుతో నీళ్ళు పెట్టి, ఒలకకూడదంటాడు. ఇది విని నాకు నవ్వాగలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు ఒళ్ళో సాంబారు క్యారేజీ పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నదాన్ని, ఆ పరీక్ష మా వారికి ఎన్నిసార్లు పెట్టానో!

వెనక సీటు అన్నాను కదా, అసలు విషయం అక్కడుంది. పెళ్ళయిన కొత్తలో ముందు సీటు మా మామగారిది. తర్వాత మా వారి స్నేహితులది, బావగార్లది. పిల్లాడు డ్రైవింగ్ నేర్చుకున్నాక, తప్పులు పట్టడానికి పక్కన వాళ్ళ నాన్న. నా చోటు ఎప్పుడూ వెనకే, బ్యాగులతోనూ మంచినీళ్ళ సీసాలతోనూ. అందులో నాకేమీ బాధ లేదు, కాళ్ళు చాపుకోవచ్చు. కానీ వెనకనుంచి కొడుకు మెడ కనపడుతుంది గానీ మొహం కనపడదు.

పోయిన అక్టోబరులో వెళ్ళాం. ఆ కారుకి వెనక రెండు సీట్లున్నాయి, పేరుకి. మా వారు మెడ వంచి, మోకాళ్ళు గడ్డానికి ఆనించి, రెండు నిమిషాలు కూర్చుని దిగిపోయారు. ఇక ఒక్కొక్కరమే. ఓ రోజు ఆయన, ఓ రోజు నేను. దిగడం, ఎక్కడం నా మోకాళ్ళకి శిక్షే, ఆ మాట దాచను. కింద పీట మీంచి లేచినట్టు లేవాలి. కానీ అలా పక్కన కూర్చుని ఫ్రిస్కోలో హనుమంతుడి గుడికి వెళ్ళొస్తూంటే వాడొక మాట చెప్పాడు. అంతకుముందు ఏడాది వాళ్ళ టీములో సగం మందిని తీసేశారట. ఉద్యోగం పోతే హెచ్‌1బీ మీద ఉన్నవాళ్ళకి ఇంకోటి వెతుక్కోవడానికి 60 రోజులు గడువు. వాడి పేరు రాలేదు గానీ, మూడు నెలలపాటు రోజూ పొద్దున్నే ల్యాప్‌టాప్ తెరవడానికి భయపడ్డాడట. ఆ మూడు నెలలూ రోజూ నాతో వీడియోలో మాట్లాడాడు. ఏం కూర అని అడిగాడు. ఒక్క ముక్క చెప్పలేదు.

"ఎందుకు చెప్పలేదురా?" అంటే, "చెబితే అత్తకి తెలుస్తుంది, పెదనాన్నకి తెలుస్తుంది, అందరూ సలహాలు చెబుతారు" అన్నాడు. కారు సంగతి చెప్పకపోవడానికీ అదే కారణం. వాడి వైపు తప్పు లేదని నేననను, ఇరవై ఏడేళ్ళవాడు తల్లికి ఆ మాత్రం చెప్పొచ్చు, నేనంత బెదిరిపోయే మనిషిని కూడా కాదు. కానీ కొనే ప్రతి వస్తువు మీదా పదిమంది కూర్చుని తీర్పు చెప్పే ఇంట్లో పిల్లలు ముందు సరదాలు దాస్తారు. దాచడం చేతనయ్యాక కష్టాలు కూడా దాస్తారు. కారుకి రెండు తలుపులున్నాయని గోల చేసిన మన చుట్టాలకి ఈ లెక్క కనపడదు.

అలాగని కుర్రవాళ్ళు ఏది కొన్నా భేష్ అనమని కాదు నేననేది. జీతమంతా కంతులకి పోయేలా పెద్ద బండి దించుకుని, నెలాఖరుకి అమ్మని పెట్రోలు డబ్బులడిగే పిల్లల్ని అల్వాల్లోనే చూస్తున్నాను. అది వేరు. అడగాల్సినవి అడగాలి. అప్పు ఉందా? ఉద్యోగం లేకపోతే ఆరు నెలలు గడిచే డబ్బు పక్కన ఉందా? ఇన్సూరెన్సు ఎంత? కుర్రాళ్ళకీ స్పోర్ట్స్ కార్లకీ అక్కడ అది బాగానే వాయిస్తారు. ఇవి మావాడు లెక్కలతో సహా చెప్పాడు. వాటికి సరైన జవాబులున్నప్పుడు, తనమీద ఆధారపడ్డవాళ్ళు ఎవరూ లేని నాలుగేళ్ళలో వాడు రెండు తలుపుల కారు నడుపుకుంటే ఎవరికి నష్టం? ముప్పై అయిదేళ్ళకి వాడూ పిల్లల సీటు బిగించిన పెద్ద బండే నడుపుతాడు, ఎటూ తప్పదు.

పెళ్ళిసంబంధాల దగ్గర మళ్ళీ ఇదే. మాకు సంబంధాలు చూసే ఆవిడ "ఫొటోలో కారు కత్తిరించేయండమ్మా, పిల్లాడు దుబారా అనుకుంటారు" అంది. కత్తిరించలేదు. ఒకావిడ ఫోన్లో "రేపు పిల్లలు పుడితే ఎలాగండీ?" అని అడిగారు. అమ్మేస్తాడండీ, కారు పచ్చబొట్టు కాదు కదా అన్నాను. ఇంకో ఇంట్లో ఆ అమ్మాయే వెనకనుంచి "గేరుదా, ఆటోమేటిక్కా?" అని అడిగింది, వాళ్ళమ్మ ఫోను చేత్తో మూసేసుకున్నారు. నాకు ఆ పిల్ల ఎంత నచ్చిందో! జాతకాలు కుదరలేదు, ఏం చేస్తాం.

వచ్చే మార్చిలో మళ్ళీ వెళ్తున్నాం, ఈసారి మా ఆడపడుచూ వాళ్ళాయనా కూడా వస్తామన్నారు. ఆ పదిరోజులకీ ఏడుగురు పట్టే బండి అద్దెకి తీసుకుంటానన్నాడు మావాడు. అద్దె మేమే ఇస్తామని చెప్పాం. గుడికి మాత్రం నేను ఎర్ర కారులోనే వెళ్తాను, మిగతావాళ్ళు ఆ పెద్దబండిలో వెనకాల రావచ్చు.