ఆదిత్య యంత్రము: ప్రగతికి కొలబద్ద యేది?

శాస్త్రపరిశోధనకు రెండు ఆపదలు గలవు. ఒకటి లోకుల ఉదాసీనత. రెండవది లోకుల తొందర. మొదటిది పరిశోధకుని పస్తులుంచును. రెండవది వానిచేత అసత్యము పలికించును. సూర్యమండలమున నిత్యము జరుగుచుండు కేంద్రక సంలీనమును భూమిమీద ఒక చిన్న యంత్రములో సాధింపవలెనను ప్రయత్నము ఈ రెండు ఆపదలకును గురియగుచునే వచ్చినది. మన దేశమున ఆ ప్రయత్నము ఎంతదూరము వచ్చినది? దాని ప్రగతిని ఏ కొలబద్దతో కొలువవలెను? ఈ విషయమును నేడు పాఠకుల యెదుట ఉంచుచున్నాము.

తల్లాడ వంటి అడవి యంచు ఊరి పఠనాలయమున కూర్చుండువారికి ఈ ప్రసంగమేల యని కొందరనవచ్చును. తల్లాడ కూడలిలో కొత్తగూడెము త్రోవ పట్టి సాగిపోయినచో బొగ్గుగనుల సీమ వచ్చును. దానిని దాటి గోదావరి యొడ్డు చేరినచో అశ్వాపురము మండలమున మణుగూరు భారజల కర్మాగారము కానవచ్చును. 1991లో పని ప్రారంభించిన ఈ కర్మాగారము సాలుకు 185 టన్నుల భారజలము తీయుటకై నిర్మింపబడినది. నీటిలోని ఉదజని పరమాణువులలో సుమారు 6,400కు ఒకటి తక్కినవానికంటె రెట్టింపు బరువుగలది. దానికే డ్యుటీరియమని పేరు. హైడ్రోజన్ సల్ఫైడు అను విషవాయువును నీటితో కలిపి, చల్లని గోపురములోనికిని వేడి గోపురములోనికిని నడిపింతురు. చల్లని చోట డ్యుటీరియము వాయువును వీడి నీటిని చేరును. వేడి చోట నీటిని వీడి వాయువును చేరును. ఈ రాకపోకలను అనేక పర్యాయములు జరిపించి దానిని చిక్కబరతురు.

ఆ భారజలము నేడు ముఖ్యముగా యురేనియమును విచ్ఛిత్తి చేయు విద్యుత్కేంద్రములకు పోవుచున్నది. కాని సంలీనమునకు వలయు ఇంధనములలో ఒకటి ఆ డ్యుటీరియమే. రెండవది ట్రిటియము, భారజలము విచ్ఛిత్తి యంత్రములలో పనిచేయునపుడు అదియు కొంత పుట్టుచుండును. ఒక లీటరు మామూలు నీటిలోని డ్యుటీరియము నంతయు సంలీనము చేయగలిగినచో సుమారు 300 లీటర్ల పెట్రోలుకు సమానమైన శక్తి వెలువడునని లెక్క. కావున ఇది దూరదేశపు వింతకథ కాదు. మన గోదావరి నీటితో ముడిపడిన కథ.

అయితే ఇంధనము దొరికినంత మాత్రమున పొయ్యి వెలుగదు. రెండు కేంద్రకములు ఒకదానినొకటి నెట్టివేయు స్వభావము గలవి. వానిని కలుపుటకు పదికోట్ల డిగ్రీలకు మించిన వేడి కావలెను. ఆ వేడిలో పదార్థము ప్లాస్మాగా మారును. దానిని పట్టియుంచగల కుండ భూమిమీద లేదు. అందుచేత అయస్కాంతశక్తితో కంకణాకారమైన పంజరమునల్లి అందులో ఆ మంటను గోడలకు తగులకుండ నిలుపజూతురు. ఆ యంత్రమునకు టోకమాక్ అని పేరు.

మన దేశమున ఈ కార్యము 1982లో అహమ్మదాబాదులోని భౌతిక పరిశోధనాలయమున ఒక చిన్న శాఖగా మొలకెత్తినది. 1986లో ప్లాస్మా పరిశోధన సంస్థయై గాంధీనగరు చెంత భాట్ గ్రామమున నిలిచినది. ప్రెడిమన్ కృష్ణ కౌ దానికి తొలి అధ్యక్షుడు. 1989లో మనవారు తామే నిర్మించుకొన్న ‘ఆదిత్య’ యను టోకమాక్ వెలిగినది. ఆ ప్లాస్మా కంకణపు వ్యాసార్ధము 75 సెంటిమీటర్లు మాత్రమే. అది వెలిగిన కాలము సెకనులో చిన్న భాగము. దానినుండి ఒక్క దీపమైనను వెలుగలేదు. వెలుగునని ఎవ్వరును చెప్పలేదు.

అదే 1989 మార్చిలో అమెరికాలోని యూటాలో ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు గాజుపాత్రలో చల్లనిచోటనే సంలీనము సాధించితిమని పత్రికల పిలిచి ప్రకటించిరి. లోకము ఊగిపోయినది. కొలది మాసములలోనే అనేక ప్రయోగశాలలు ఆ పనిని చేసిచూచి ఫలము కానక పెదవి విరిచినవి. అంతకు మునుపు 1958లో ఇంగ్లండులోని ‘జీటా’ యంత్రముపై జరిగిన జయఘోషయు అట్లే కొన్ని మాసములలో ఉపసంహరింపబడెను. కేకలు వేసిన గాజుపాత్ర నిలువలేదు. కేకలు వేయని ఆదిత్య నిలిచినది. 2016లో పునర్నిర్మాణము పొంది మరల వెలిగినది.

దాని తరువాతి యంత్రము కథ మరింత బోధకరము. అతివాహక అయస్కాంతములతో 1000 సెకన్లు మంట నిలుపవలెనను సంకల్పముతో ఎస్.ఎస్.టి.-1 అను టోకమాకును తలపెట్టిరి. యంత్రమును కూర్చి పరీక్షించునప్పటికి లోపములు బయటపడినవి. అపుడేమి చేసిరి? కప్పిపుచ్చలేదు. యంత్రమును విప్పిరి. 16 పెద్ద అయస్కాంత చుట్టలను ఒక్కొక్కదానిని అతిశీతల స్థితిలో విడివిడిగా పరీక్షించి మరల కూర్చిరి. 2013 జూన్‌లో తొలి ప్లాస్మా పుట్టినది. తలచిన 1000 సెకన్లకును లభించిన క్షణభాగమునకును నడుమ ఆకాశమంత యెడమున్నది. మేము దానిని దాచము. కాని విప్పి, దిద్ది, మరల కూర్చిన ఆ చేతులు నేర్చిన విద్య ఏ గ్రంథమునను దొరకదు. అదియే ఆ సంవత్సరముల ఫలము.

జోస్యములతో కొలుచువారికి ఈ ఫలము కనబడదు. 1955లో జెనీవా సభకు అధ్యక్షుడుగా హోమీ భాభా మహాశయుడు ఇరువది యేండ్లలో ఈ శక్తి అదుపులోనికి వచ్చునని పలికెను. డెబ్బది యేండ్లు గడచినవి. ప్రాన్సులో మన దేశముతో కూడ ఏడు పక్షములు కలిసి కట్టుచున్న ‘ఐటర్’ 2025లో వెలుగునని ముందు చెప్పిరి. 2024లో లెక్క మార్చి 2034లో పరిశోధన మొదలగుననియు, పూర్ణ ఇంధనముతో నడచుట 2039లో ననియు ప్రకటించిరి. అయినను ఆ యంత్రమును కప్పు ఉక్కు మహాపాత్ర, సుమారు 29 మీటర్ల ఎత్తుది, గుజరాతులోని హజీరాలో తయారైనది. గాంధీనగరు చిన్న యంత్రము లేకున్న ఆ పెద్ద పనిలో మనకు ఆ పీట దక్కెడిది కాదు.

సత్యముగా లెక్క చెప్పుటకు ఒక ఉదాహరణము. 2022 డిసెంబరు 5న అమెరికా పరిశోధనాలయమొకటి 2.05 మెగాజౌళ్ల లేసరు కాంతితో 3.15 మెగాజౌళ్ల సంలీన శక్తిని రాబట్టెను. గొప్ప విజయమే. కాని ఆ లేసర్లను నడుపుటకు సుమారు 300 మెగాజౌళ్ల విద్యుత్తు పట్టినదని వారే చెప్పిరి. మొదటి రెండంకెలు చెప్పి మూడవదానిని మింగినచో అది శాస్త్రము కాదు, సంతబేరము.

సూర్యరశ్మి పలకలు చవుకగా దొరకుచుండగా ఈ వ్యయమేల యని అడుగువారు గలరు. ప్రశ్న న్యాయమైనదే. నేటి దీపమునకు నేటి సాధనములనే పెంచవలెను. సంలీనము వాని సొమ్మును హరింపరాదు. అయినను విత్తనపు గింజలను కూడ వండుకొని తిను కాపు రెండవయేట బిచ్చమెత్తును. చిన్న పరిశోధనకు చిన్న మొత్తము, కాని తెంపులేని మొత్తము కావలెను.

కావున మేము రెండు కోరికలు కోరుచున్నాము. ప్రజల ధనముతో నడచు ప్రతి ప్రయోగశాలయు ఏటేట తన లెక్కను ప్రజల భాషలలో చెప్పవలెను. తలచినదేమి, జరిగినదేమి, చెడినదేమి, నేర్చినదేమి: ఈ నాలుగు మాటలు తెలుగులో అచ్చై తల్లాడ పఠనాలయపు బల్లమీదికి రావలెను. గోదావరి నీరిచ్చు సీమకు ఆ నీటితో ఏమి చేయుచున్నారో తెలిసికొను హక్కు కలదు.

రెండవది. 1871లో ఇల్లెందు ప్రాంతమున బొగ్గు బయలుపడిన నాటినుండి ఈ సీమ ఎందరి ఇండ్లనో వెలిగించినది. దీపము క్రింది నీడ తనకు మిగిలినది. క్రొత్త అగ్ని విషయమునను మనవారు గోతులు త్రవ్వువారుగనే మిగులరాదు. గొరగనమూడిలో పుట్టిన స్వామి జ్ఞానానంద ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో కేంద్రక పరిశోధనకు పునాది వేసిరి. ఆ దారి మనకు క్రొత్తది కాదు. కొత్తగూడెమున 2025లో వెలసిన భూవిజ్ఞాన విశ్వవిద్యాలయమునందును, ఖమ్మము సీమ పాలిటెక్నిక్కులందును శూన్యయంత్రములు, అతిశీతల విద్య, సూక్ష్మమైన అతుకుపని నేర్పుదురు గాక. మన్నెపు బాలబాలికలకు అందు ముందుచోటు లభించును గాక.

సూర్యుని దింపితిమని చెప్పువానిని నమ్మకుడు. నిరుటికంటె ఒక క్షణమెక్కువ నిలిపితిమి, ఈ చోట చెడినది, ఇట్లు దిద్దితిమి అని చెప్పువానికి పీట వేయుడు. ప్రగతికి కొలబద్ద అదియే.