పెండ్లి కేకు పువ్వులు – పదిహేను దినాల ముందే



వేసవి పెండ్లిండ్ల కాలంలో పల్లె సంఘాలలో తరచుగా ఒకటి చూస్తుంటాను. మందిరంలో పెండ్లికుమార్తె ప్రమాణం చేస్తుండగా తల్లి ముందు వరుసలో ఉండదు. ఏదీ అని అడిగితే, ఇంటి దగ్గర కేకుకు పువ్వులు అంటిస్తున్నదని చెబుతారు! పట్టణం నుండి మూడంతస్తుల కేకు తెప్పించే స్తోమత లేక ఇంట్లోనే చేసుకొనే వారికి ఈ తిప్పలు మరీ ఎక్కువ. కేకును మాత్రం ఒకటి రెండు దినాల ముందే చేయాలి, నిజమే. గాని పువ్వులు, ఆకులు, పేర్ల అక్షరాలు పక్షం దినాల ముందే, ఇంకా ముందైనా చేసి దాచవచ్చు.

మన పంచదార చిలకలను తలచుకోండి. సారెలో వచ్చిన చిలక నెలల తరబడి చెడదు. అందులో పంచదారే గాని తడి లేదు. ఫాండెంట్ అనే చక్కెర ముద్దకు కూడా అదే సూత్రం. దానికి శత్రువు కాలం కాదు, తేమ.

నా భార్య సంఘంలోని ఆడపిల్లలకు నేర్పేటప్పుడు నేను వ్రాసి ఉంచుకున్న కొలతలివి. రెండు టేబుల్ స్పూన్ల చల్లని నీటిలో ఒకటిన్నర టీ స్పూను జెలటిన్ చల్లి పది నిమిషాలు నాననివ్వండి. ఆ గిన్నెను వేడినీళ్లలో ఉంచి కరిగించండి. పొయ్యి మీద మరిగించకూడదు. పావు కప్పు లిక్విడ్ గ్లూకోజ్, ఒక టేబుల్ స్పూను డాల్డా కలిపి, జల్లించిన 450 గ్రాముల ఐసింగ్ షుగర్‌లో పోసి చపాతీ పిండిలాగా పిసకండి. డాల్డా రాసి, ప్లాస్టిక్ కవరులో గట్టిగా చుట్టి, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో ఒక రాత్రి ఉంచండి. గ్లిజరిన్ తేమను పట్టి ఉంచుతుంది గనుక కేకు మీద కప్పే ముద్దకే కలపాలి; పువ్వుల ముద్దకు వద్దు. పువ్వులకైతే పావు కిలో ముద్దకు ఒక టీ స్పూను సి.ఎం.సి. పొడి కలపండి. బేకరీ సామాను అమ్మే కొట్లలో దొరుకుతుంది. అది లేకుంటే రేకులు పల్చగా రావు, త్వరగా గట్టిపడవు.

అప్పడాల కర్రతో పల్చగా వత్తి, రేకులు కోసి, చెంచా గుంటలో పెడితే వంపు తిరుగుతాయి. అంటకుండా కార్న్‌ఫ్లోర్ చల్లండి. ఆరబెట్టడానికి వడియాల మాదిరి ఎండలో పెట్టేరు సుమా! రంగు వెలిసిపోతుంది, గులాబీ, ఊదా రంగులైతే మరీ త్వరగా. నీడలో, గాలి ఆడేచోట పెట్టండి. పొడి వాతావరణంలో రెండు మూడు దినాలు చాలు. సముద్రతీరపు ఊళ్లలో వారం పట్టినా ఆశ్చర్యం లేదు. ముసురు పట్టిన దినాన అసలు మొదలుపెట్టకండి.

పూర్తిగా ఆరిన తరువాత అట్టపెట్టెలో మెత్తని కాగితం పరచి, ఒకదానికొకటి తగలకుండా సర్దండి. మెత్తని ముద్దకు బిగుతైన డబ్బా కావాలి, ఆరిన పువ్వుకు అట్టపెట్టె కావాలి. ఇది తారుమారు చేసే వారే ఎక్కువ. ఫ్రిజ్ ఉన్నది గదా అని అందులో పెట్టవద్దు. బయటికి తీయగానే చెమట పట్టి, పువ్వు వాలి, రంగు కారుతుంది. బీరువాలో కలరా ఉండల ప్రక్కన పెడితే ఆ వాసన, ఆ విషం పువ్వులకు పడుతుంది. చీమల సంగతి వేరే చెప్పాలా? పెట్టె పెట్టిన బల్ల కాళ్లు నీళ్ల పళ్లెములలో ఉంచండి. రవాణాలో రేకు విరుగుతుంది గనుక పదికి రెండు ఎక్కువే చేయండి.

క్రీము కేకైతే పువ్వులు చివరి గంటలోనే పెట్టాలి. క్రీములోని తడికి అవి మెత్తబడతాయి. ఆ పని పిన్నమ్మకో మేనత్తకో ముందే అప్పగించండి, తల్లి మందిరంలో ఉంటుంది. తీగ గుచ్చిన పువ్వులను నేరుగా కేకులో దించక, స్ట్రా ముక్క గుచ్చి అందులో నిలపండి. కోసేముందు వాటిని లెక్కపెట్టి తీసివేయండి, పిల్లల చేతికి ఇవ్వకండి.

ఇంకొక్క మాట. జెలటిన్ పశువుల ఎముకలు, చర్మముల నుండి తీస్తారు. విందుకు వచ్చే పొరుగువారిలో మాంసం ముట్టనివారుంటే ముందుగానే చెప్పండి. లేదా ప్యాకెట్టు మీద ఆకుపచ్చ చుక్క ఉన్న ఫాండెంట్ కొని, గుడ్డు లేని చిన్న కేకు వారి కొరకు వేరుగా చేయండి.